కుట్లు విప్పిన ముక్క

మొన్నొక సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ సోఫా మీద పడేసి, బూట్లయినా విప్పకుండా, నవ్వుకుంటూ ఒక కబురు చెప్పింది. కాఫీ తాగుతూ వింటున్న నేను సగంలోనే గ్లాసు కింద పెట్టేశాను. వాళ్ళ బడిలో నల్లజాతివాళ్ళ చరిత్ర మీద పిల్లల చేత ఒక ప్రదర్శన చేయిస్తున్నారట. ఒక్కొక్కరికి ఒక్కో గొప్ప మనిషి వేషం, మధ్యలో పాటలు, గోడల నిండా చార్టులు, చివర్న పిల్లలందరూ చేతులు పట్టుకుని మనుషులంతా ఒక్కటే అని చెప్పడం. అంతవరకూ బాగానే ఉంది. వేషాలు వేసే పిల్లలకి మొహాలకీ చేతులకీ కాటుక కలిపిన కొబ్బరినూనె పూసి నల్లగా చేస్తారట. ఆ పూత ఎలా వస్తుందో చూడ్డానికి ఆ రోజే అందరినీ వరుసలో నిలబెట్టి ఒకసారి పూసి చూశారట. మా మనవరాలి దాకా వచ్చేసరికి వాళ్ళ మేడమ్ గారు చెయ్యి ఆపి, నీకక్కర్లేదులేమ్మా, నీకు దేవుడే పూసి పంపించాడు అందట. క్లాసంతా నవ్విందట. ఇదీ నవ్విందట.

ఆ నవ్వే నన్ను కోసేసింది. ఏడుస్తూ వచ్చి ఉంటే దగ్గరికి తీసుకుని ఊరుకోబెట్టేదాన్ని. తనను చూసి నవ్వేవాళ్ళతో కలిసి తానూ నవ్వెయ్యడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదని నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు నేనూ నేర్చుకున్నదాన్నే. పైగా, అమెరికాలో తెల్లవాడికి బస్సులో సీటు వదిలేది లేదని మొండికేసి కూర్చున్న ఆవిడ వేషం పాలమీగడలాంటి ఒక పిల్లకి ఇచ్చి, మా పిల్లను మాత్రం వెనక వరుసలో, భుజాన గోనెసంచీ తగిలించి, పత్తి తీసే బానిసల గుంపులో పెట్టారట. మా అమ్మాయి వంటింట్లోంచే, పోనీలేమ్మా, పిల్లల ఆటలకి నువ్వు బీపీ పెంచుకోకు అంది. పోనిచ్చీ పోనిచ్చీ ఇక్కడిదాకా వచ్చాం అన్నాను.

మర్నాడు ఆటో కట్టించుకుని బడికి వెళ్ళాను. ఆ మేడమ్ గారు నిజానికి చెడ్డపిల్లేమీ కాదు. మా అమ్మాయికంటే చిన్నది, నమస్కారం పెట్టి కుర్చీ వేసింది, నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది, విని ఎంతో మర్యాదగా అడిగింది: "రంగు పూయకపోతే వాళ్ళు నల్లవాళ్ళని చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?" ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల వింత వింత ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమే మళ్ళీ, మీరు కూడా టీచరుగా చేశారట కదండీ, ఒక పీరియడు మీరే వచ్చి పిల్లలతో మాట్లాడండి, వీడియో కూడా తీయిస్తాం అంది. కోపం మీద ఊ అనేసి వచ్చాను. ఇంటికి రాగానే మంచం కిందున్న రేకుపెట్టె లాగి, అడుగున పాత చీర మడతలో దాచిపెట్టిన ఒక చదరపు గుడ్డముక్కను బయటికి తీశాను. దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు.

నా ఈడువాళ్ళకి తెలిసే ఉంటుంది, ప్రత్తిపాడు దాటి లోపలికి పోతే ఆ రోజుల్లో రోడ్డుకి రెండు పక్కలా పత్తి, పత్తి అయిపోతే మిరప, ఆ రెండూ లేనిచోట నల్లరేగడి దుమ్ము. వాన పడితే ఆ మట్టి చెప్పుల్ని పట్టుకుని వదిలేది కాదు, ఎండాకాలం వస్తే కాలు దిగబడేంత పగుళ్ళు విచ్చేది. మా అమ్మ ఆ చేలల్లో పత్తి తీసి నన్ను చదివించింది. పాత చీర నడుముకి ఒడిలా కట్టుకుని, ఒకసారి వంగిందంటే సాలు చివరిదాకా నడుం ఎత్తేది కాదు. ఎండిన పత్తికాయ డొప్పల మొనలు గోళ్ళ సందుల్లో గుచ్చుకునేవి. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పుతుంటే ఆవిడ వేళ్ళు కాగితానికి గీసుకునే చప్పుడు పక్కన కూర్చున్న నాకు వినబడేది.

తర్వాత నేను హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు, అక్కడి బీరువాలో ఎవరో విదేశీయులు వదిలేసి పోయిన బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. దాన్లో ఒక పేజీ నిండా పత్తిచేను, వరుసగా వంగిన నల్లని ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నేల మీద ఈడుస్తున్న పొడవాటి సంచులు. అది మా ఊరే అనుకున్నాను, ఆ ఆడవాళ్ళలో మా అమ్మ ఎక్కడుందా అని వెతికాను కూడా. మా వార్డెనమ్మ పక్కన కూర్చుని, వీళ్ళు సముద్రాలకి అవతల అమెరికాలో ఉండేవాళ్ళమ్మా, ఆఫ్రికా నుంచి ఓడల్లో గొలుసులు వేసి తీసుకొచ్చి, సంతలో గొడ్లను అమ్మినట్టు అమ్మేసిన మనుషులు అని మొదలుపెట్టి, ఆ చరిత్రంతా నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. వాళ్ళలో ఆడవాళ్ళు చిరిగిన బట్టల ముక్కలు ఏరుకుని, కలిపి బొంతలు కుట్టుకునేవారని, తమ బతుకులో జరిగినవి ఆ బొంతల మీద బొమ్మలుగా కుట్టినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పింది. మా మేనత్త కుట్టిన బొంతల్లో వెచ్చగా పడుకుని పెరిగినదాన్ని, ఆ మాట నాకు అలాగే నిలిచిపోయింది.

ఉద్యోగంలో చేరాక నన్ను వేసిన ఊరు మా ఊరికి ఆట్టే దూరం కాదు, పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడ మనుషులున్నారు. రెండు గదులు, ఒక వరండా, హెడ్‌మాస్టరు గారు, నేను. పత్తి తీతలప్పుడు సగం మంది, మిరపకాయల కోతలప్పుడు ముప్పాతిక మంది పిల్లలు బడికి వచ్చేవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళు కూడా కాయలు కోసిన చేతులకి నూనె రాసుకుని, మంట తగ్గక వేళ్ళు ఊదుకుంటూ కూర్చునేవాళ్ళు, ఆ చేతులతో మర్చిపోయి కళ్ళు నలుపుకుని కుయ్యోమనేవాళ్ళు. పలక మీద బలపం పట్టుకోవడం వాళ్ళకి నరకంగా ఉండేది. అందుకని నేను రాతపని తగ్గించి కథలు చెప్పడం, బొమ్మలు వేయించడం, పాత గుడ్డలతో ఏవో చేయించడం మొదలుపెట్టాను. ఇప్పుడు దానికి ఏవేవో పెద్ద పేర్లు పెట్టి శిక్షణ ఇస్తున్నారు, నాకు మాత్రం ఆ మంటలే నేర్పాయి.

మా హెడ్‌మాస్టరు గారు పెద్దమనిషి. పత్రికలు బాగా చదివేవారు, ఉపన్యాసం అంటే ప్రాణం పెట్టేవారు. ఆ ఏడు బడి వార్షికోత్సవానికి పై అధికారి ఒకాయన వస్తున్నాడని తెలిసి, ఎప్పుడూ వేసే కోలాటాలు వద్దమ్మా, ప్రపంచంలో మనుషులంతా సమానమని పిల్లలు చూపించాలి, నీ ఐదో తరగతి చేత నల్లజాతి బానిసల చరిత్ర మీద ఏదన్నా చేయించు అన్నారు. నా సంతోషం చెప్పనలవి కాదు. హాస్టల్లో ఆ పుస్తకం చూసిన రోజు నుంచి నేను ఎదురుచూస్తున్న మాట అది.

పిల్లలకి కథంతా చెప్పాను. ఓడలు, గొలుసులు, అమ్మకాలు, పత్తిచేలు, తప్పించుకుని అడవుల్లో పడి పారిపోయినవాళ్ళు, బానిసత్వం పోయాక కూడా నల్లవాళ్ళకి ఒక కొళాయి, తెల్లవాళ్ళకి ఒక కొళాయి, బస్సులో సీట్లోంచి లేవనన్న ఆవిడ. పత్తి దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల లేచి, "వాళ్ళకీ డొప్పలు గుచ్చుకునేయా టీచర్?" అని అడిగింది. గుచ్చుకునేవమ్మా అంటే, కాసేపు తన వేళ్ళు చూసుకుని కూర్చుంది. ఆ పిల్ల ఊరికి విడిగా ఉన్న మావాళ్ళ పేటలో చర్చి పక్కన ఉండే పత్తికూలీల కూతురు. రేగడిలా నిగనిగలాడే నలుపు, చెవులకి వేపపుల్లలు, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గీస్తూ ఉండే చెయ్యి. ఈ జ్ఞాపకమంతా ఆ పిల్లదే.

సరే, విన్నది బొమ్మ వేయమని కాగితాలూ రంగు పెన్సిళ్ళూ ఇచ్చాను. సాయంత్రం అవి ముందు పరుచుకుని చూశాను. ఒకరిని చూసి ఒకరు వేశారనుకోవడానికి లేదు, దాదాపు అందరూ గొలుసుల్లో ఉన్న బానిసల్ని లేత గులాబీ రంగులో వేశారు. కొరడా పట్టుకున్న యజమానిని నల్లగా వేశారు. నేను నల్లజాతివాళ్ళు అని నోరు నొప్పి పుట్టేలా చెప్పానా, అయినా సరే. మర్నాడు అడిగితే పిల్లలు నన్నే వింతగా చూశారు. బానిసలు మంచివాళ్ళు కదా టీచర్, కొట్టేవాడు చెడ్డవాడు కదా, మరి చెడ్డవాడే కదా నల్లగా ఉండేది అన్నారు. వాళ్ళ తప్పేముంది? మా ఆదివారపు బడి పటాల్లో దేవదూతలంతా తెలుపు, సైతాను నలుపు. ఊళ్ళో మిగతా పిల్లలు చూసే క్యాలెండర్లలో దేవతలు పసుపుపచ్చ, రాక్షసులు నలుపు. క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం ఏటా పేటలో కాస్త రంగున్న పిల్లకే పోయేది, ఆ రంగు చాలదని పైన పౌడరు దట్టించేవాళ్ళు. ఆ ఏర్పాటు చేసే పెద్దవాళ్ళలో అంతకుముందు క్రిస్మస్ దాకా నేనూ ఉన్నాను.

ఆ పెన్సిళ్ళ డబ్బాలో గులాబీ రంగుదాన్ని పిల్లలు ఒంటిరంగు అనేవాళ్ళు. ఎవరి ఒంటిరంగు, ఆ ఊళ్ళో ఆ రంగు మనిషి ఒక్కరుంటే నాకు చూపించండి! ఆ డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. రేపు వచ్చేటప్పుడు ఎవరింటి చుట్టుపక్కల మట్టి వాళ్ళు పిడికెడు తీసుకురండి అన్నాను. తెచ్చారు. చేలల్లోని నల్లరేగడి, గుట్ట దగ్గరి ఎర్రమట్టి, ఇటుకబట్టీ పొడి, ఒకడు వాళ్ళమ్మ చూడకుండా పసుపు, ఇంకొకడు సున్నం. మట్టిని పల్చటి గుడ్డలో జల్లించి, తుమ్మజిగురు నానబెట్టిన నీళ్ళలో కలిపి, ఎవరి రంగు వాళ్ళు తయారు చేసుకోమన్నాను. మోచేతి మీద ఒక చుక్క పెట్టుకుని చూడాలి, చుక్క కనబడకుండా చర్మంలో కలిసిపోతే అది మీ రంగు. నాలుగు రోజులు ఆ వరండా వరండాలా లేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఇంకొంచెం ఇటుక వెయ్యి, ఇంకొంచెం రేగడి వెయ్యి అని కొట్లాడుకుంటూ, ఊరివాళ్ళ పిల్లలు, పేటవాళ్ళ పిల్లలు తలలు తాకించుకుని కూర్చున్నారు. చిత్రమేమిటంటే తమాషాకి కూడా ఎవరికీ సున్నం ఎక్కువ పట్టలేదు. అందరికీ అయిపోయింది రేగడే.

నల్లరేగడి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. మన వైపు రైతు ఎవరినైనా పొలం ఎలాంటిదని అడగండి, ఛాతీ విరుచుకుని నల్లరేగడి అంటాడు. అరచేతిలో వేసుకుని నలిపి చూపిస్తాడు. అదే మనిషి కోడల్ని వెతకడానికి బయల్దేరితే మొదటి మాట పిల్ల తెల్లగా ఉండాలని. మట్టి నల్లగా ఉంటే మురిసిపోయేవాళ్ళు మనిషి నల్లగా పుడితే మొహం ముడుచుకుంటారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత ఇళ్ళల్లోంచి చిరిగిన పంచెలు తెప్పించి, ఒక్కొక్కరికి ఒక్కో చదరపు ముక్క కత్తిరించి ఇచ్చాను. వాళ్ళు చేసుకున్న మట్టిరంగులతో ఆ చరిత్రలో తమకి నచ్చిన ఘట్టం వేసి, నల్లదారంతో అంచులు కుట్టాలి. ఆ ముక్కలన్నీ మా మేనత్త దగ్గరుండి ఒక పెద్ద బొంత మీద వేసి కుట్టించింది. ఓడలు వేసినవాళ్ళు, గొలుసులు తెంపేవాళ్ళను వేసినవాళ్ళు, బస్సులో కూర్చున్న ఆవిడను వేసినవాళ్ళు, ఆ బస్సు మీద గుంటూరు అని బోర్డు రాసినవాళ్ళు. ఈసారి మనుషులందరూ మనుషుల రంగులో ఉన్నారు.

ఆ పిల్ల వేసిన ముక్క వేరు. పత్తిచేను గట్టు, దాని కింద ఒడి కట్టుకున్న ముగ్గురు ఆడవాళ్ళు వంగి నోటి దగ్గర దోసిళ్ళు పట్టారు. గట్టు మీద ఒకామె నిలబడి, చెంబు తన తల ఎత్తుకి లేపి, చెంబు వాళ్ళ చేతులకి తగలకుండా నీళ్ళు పైనుంచి పోస్తోంది. ఆమెకి మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు, మొహంలో సగం ఉన్న ముక్కుపుడక. నలుగురినీ ఒకే మట్టితో, తన సొంత రంగుతోనే వేసింది. అదేమిటమ్మా, అమెరికా సంగతి కదా వేయమన్నాను అంటే, "అక్కడ కొళాయి అన్నారు గదా టీచర్. మనకి చేలో కొళాయి ఉండదు గదా, అందుకని చెంబు వేశా" అంది. మరి పోసే ఆమెను కూడా ఇంత నల్లగా వేశావేం అన్నాను. "ఆమెగారూ మాలాగే ఉంటారు టీచర్, పౌడరు కడిగేస్తే" అంది.

పాఠం చెప్పింది నేను, అర్థం చేసుకుంది ఆ పిల్ల. మా అమ్మ కూడా అలా దోసిలి పట్టిన మనిషే. ఆ ఊళ్ళో టీచరునయ్యాక నన్నెవరూ దోసిలి పట్టమనలేదు గాని, ఆ ఆకుపచ్చ గాజులావిడ ఇంటికి బడి పని మీద వెళితే నాకు కాఫీ ఇచ్చే గ్లాసు వాళ్ళ వసారా గూట్లో విడిగా ఉండేది, తాగాక నేనే కడిగి బోర్లించి వచ్చేదాన్ని. ఆవిడ భర్త ఆ చేల ఆసామి, మా బడి కమిటీకి పెద్ద. అన్నీ తెలిసే ఆ ముక్కను బొంతకి సరిగ్గా నడిమధ్య పెట్టి కుట్టించాను. ఆ ఒక్క పనికి నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం హెడ్‌మాస్టరు గారు బొంత చూశారు. ఒక్కో ముక్క దగ్గరా ఆగి, అద్భుతం అద్భుతం అంటూ, ఓడ బొమ్మ దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా. నడిమధ్యకి వచ్చి, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని వంగి చూశారు. చివరికి, "అమెరికా వాళ్ళ తప్పులు ఎన్నైనా చూపించమ్మా, నేనే చప్పట్లు కొడతా. మనూరి సంగతి మనకెందుకు? ఆ ఒక్కటీ తీసెయ్" అన్నారు. సమానత్వం అంటే ఆయనకి ప్రాణమే, అది సముద్రానికి అవతల ఉన్నంతవరకు.

ఆయన చెప్పిన అరగంటకి ఎవరు చేరవేశారో ఏమో ఆ గాజులావిడే స్వయంగా బడికి వచ్చింది. దోసిళ్ళ సంగతి, చెంబు సంగతి ఆవిడ ఎత్తనేలేదు. బొంత ముందు నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమ్మా పంతులమ్మా, నేనింత నల్లగా ఉన్నానా?" అని అరిచింది. వరండాలో పిల్లలంతా చూస్తుండగా అరిచింది. నీళ్ళు అలా పోసినట్టు చూపించినందుకు కాదు ఆవిడ బాధ, తనను ఆ ముగ్గురి రంగులో కలిపేసినందుకు. ఈ ముక్క రేపు ఇక్కడ కనిపిస్తే ఆ పిల్ల తల్లి మా చేలో అడుగు పెట్టదు, నువ్వు కూడా ఎక్కడికి పోతావో చూసుకో అని చెప్పి వెళ్ళిపోయింది. నా ఉద్యోగం అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు.

నేను ఏం చేయాల్సిందో చెప్పడానికి ఇప్పుడు చాలామంది ఉంటారు, నేనూ చెప్పగలను. అప్పుడు మాత్రం మర్నాడు పొద్దున అందరికంటే ముందు బడికి వెళ్ళి, వరండాలో బొంత పరుచుకుని, సగం విరిచిన బ్లేడుతో ఆ ముక్క చుట్టూ కుట్లు ఒక్కొక్కటే తెంపాను. మూడు వైపులు అయ్యాయి. నాలుగో వైపు తెంపుతుండగా మెట్ల మీద అలికిడైతే తలెత్తి చూశాను. ఆ పిల్ల. జడల్లో కనకాంబరాలు పెట్టుకుని, మొహానికి పౌడరు రాసుకోకుండా, అందరికంటే ముందు తన బొమ్మ చూసుకుందామని వచ్చింది. నా చేతిలో బ్లేడు చూసింది, బొంత మీద ఊడిన ముక్క చూసింది. ఏడవలేదు, ఎందుకని అడగలేదు. "టీచర్, నాది బాగా రాలేదా?" అంది.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. నీదే అన్నిటికంటే బాగా వచ్చింది, అందుకే తీసేస్తున్నారు అని చెప్పొచ్చు. పదేళ్ళ పిల్లకి ఆ మాట అర్థమవుతుంది, చెంబు గురించి అర్థమైన పిల్లకి ఇదెందుకు అర్థం కాదు? నా నోట్లోంచి మాత్రం, "అవునమ్మా, రంగు సరిగ్గా అంటలేదు, ఊడిపోతోంది" అని వచ్చింది. ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుని, జిగురు తక్కువేశానేమో టీచర్ అంటూ, మిగిలిన కుట్లు విప్పడానికి తనే ఆ అంచు పట్టుకుని నాకు సాయం చేసింది. ఆ ఖాళీలో ఒక తెల్లగుడ్డ వేసి కుట్టేశాను.

ఆ సాయంత్రం పై అధికారి గారు బొంత చూసి పొంగిపోయారు. నడుమ ఉన్న తెల్లగుడ్డ ఏమిటని అడిగితే, అది శాంతికి గుర్తండీ అని మా హెడ్‌మాస్టరు గారు ఠక్కున చెప్పారు. బానిసత్వాన్ని ఖండిస్తూ ఆయన ఇచ్చిన ఉపన్యాసానికి అందరికంటే ఎక్కువగా చప్పట్లు కొట్టింది ముందు వరుసలో కూర్చున్న ఆకుపచ్చ గాజుల చేతులే. నేను వెనక, పిల్లల దగ్గర, నా పక్కనే ఆ పిల్ల. అది కూడా చప్పట్లు కొట్టింది.

వేసవి సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. వాళ్ళవాళ్ళు ఒంగోలు వైపు ఎక్కడికో పనికి వెళ్ళారన్నారు. తర్వాత ఎన్నో ఊళ్ళు మారాను, ఎక్కడ మట్టిరంగులు కలిపించినా, ఎక్కడ బొంత కుట్టించినా, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరు కనిపించినా అడిగాను. దొరకలేదు. ఆ పిల్ల మళ్ళీ బొమ్మ వేసిందో, తనకి బొమ్మలు రావని మానేసిందో నాకు తెలియదు. నన్ను తినేసేది అదే. ఆవిడ మీద కోపం చల్లారింది, హెడ్‌మాస్టరు గారి మీద కోపం చల్లారింది, నా మీద కోపం మాత్రం చల్లారలేదు.

ఇదంతా తలలో తిరుగుతుండగా, చెప్పిన రోజున మా మనవరాలి బడికి వెళ్ళాను. రెండు సంచుల్లో మట్టి, సీసాలో తుమ్మజిగురు, పర్సులో ఆ ముక్క. రేగడి బల్ల మీద పోస్తే ఒక పిల్లవాడు ముక్కు మూసుకుని, డర్టీ అన్నాడు. వాడి ఇంటిపేరు అడిగితే పక్కా రైతు కుటుంబం, వాళ్ళ తాతకి ఈ మట్టి పేరు చెబితే కళ్ళు మెరుస్తాయని చెప్పాను. చుక్కలాట మొదలుపెట్టేసరికి మాత్రం అందరూ పిల్లలే అయిపోయారు. పాలమీగడ పిల్లకి కూడా ఇటుకపొడి, పసుపు బాగానే పట్టాయి. ఫోనుతో వీడియో తీస్తున్న మేడమ్ గారిని, నువ్వూ ఒక చుక్క పెట్టుకోమ్మా అని నేనంటే, చేతులు వెనక్కి లాక్కుని నవ్వింది.

తర్వాత ముక్క బయటికి తీసి కథ చెప్పాను. చెంబు గురించి, గాజుల గురించి, ఉపన్యాసం గురించి, నాకున్న కోపమంతా పెట్టి చెప్పాను, పిల్లలు కూడా కోపంగా విన్నారు. అంతా అయ్యాక మా మనవరాలే చెయ్యెత్తి, "మరి ఆ ముక్క కోసేసింది ఎవరు అమ్మమ్మా?" అంది. హెడ్‌మాస్టరు గారని చెప్పబోయాను. నిజానికి అప్పటిదాకా కథను అలాగే నడిపించుకొచ్చాను, తీసేయించారు, తీసేశారు అంటూ. నలభై మంది పిల్లలు నా వంకే చూస్తున్నారు. నేనే అన్నాను. నేనే కోశాను, బాగానే ఉన్నదాన్ని బాగాలేదని అబద్ధం కూడా చెప్పాను అన్నాను. మేడమ్ గారు ఫోను దించేసింది.

ఇంతకీ ఆ ప్రదర్శనలో కాటుక పూయడం మానేశారు. నా మాట విని మానేశారనుకుంటే పొరపాటు, ఆ నూనె పడక ఎవరి పిల్లకో మొహం మీద దద్దుర్లు వచ్చాయని వాళ్ళ నాన్న వచ్చి గొడవపెట్టుకున్నాడట. వేషాలు మాత్రం ఎవరివి వాళ్ళకే ఉన్నాయి, మా పిల్ల వెనక వరుసలోనే ఉంది. ప్రదర్శన రోజు నేను వెళ్ళి చూశాను. పాట మధ్యలో బానిసలందరూ తలలు దించుకుని నడవాలి. మా పిల్ల దించలేదు. గోనెసంచీ భుజాన వేసుకుని, తల నిటారుగా పెట్టి, జనంలో నేనెక్కడున్నానా అని వెతుక్కుంటూ నడిచింది. తర్వాత అందుకు చీవాట్లు కూడా తింది.

ఇప్పుడు దుకాణాల్లో అన్ని ఒంటిరంగులూ ఉన్న పెన్సిళ్ళ డబ్బాలు దొరుకుతున్నాయి. నల్లజాతి చరిత్ర పిల్లల పుస్తకాల్లోకి వచ్చింది, దాన్ని పండుగలా చేసే బడులొచ్చాయి. మా రోజుల్లో ఇవి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను, అనుకున్న మరుక్షణం ఆ కాటుక గిన్నె గుర్తొస్తుంది. చేలల్లో ఇప్పుడు పనివాళ్ళు ఎవరి నీళ్ళ సీసా వాళ్ళే తెచ్చుకుంటున్నారు, ఎత్తి పోసేవాళ్ళూ లేరు, దోసిలి పట్టేవాళ్ళూ లేరు. ఆ గట్టు మాత్రం ఎక్కడికీ పోయినట్టు లేదు, బడుల్లో ముందు వరుసకీ వెనక వరుసకీ మధ్య కనబడుతూనే ఉంది.

బడిలో పిల్లలకి ఆ కథ చెప్పిన రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే మా మనవరాలు నా పర్సులోంచి ఆ ముక్క తీసి ఒళ్ళో పరుచుకుంది. గోరుతో ఆ ముగ్గురు ఆడవాళ్ళ మీద గీకి చూసింది, చూపుడువేలు నాలుకకి తడి చేసుకుని రుద్ది చూసింది, వేలు తిప్పి చూసుకుంది. మట్టి అంటలేదు.

"రంగు బాగానే పట్టింది గదా అమ్మమ్మా, ఇన్నేళ్ళయినా ఊడలేదు" అంది.

అవునమ్మా, బాగా పట్టింది అన్నాను. ఆ పొద్దున ఆ వరండాలో, జడల్లో కనకాంబరాలు పెట్టుకుని నా ముందు నిలబడిన పిల్లకి చెప్పాల్సిన మాట అది.